సమ్మతితో చంపినా నేరమేనా? కారుణ్య మరణం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు కోర్టుల వరండాల్లో, పెద్దాసుపత్రుల వార్డుల బయట తరచూ వినపడే ప్రశ్నలివి. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వచ్చింది. స్టేషన్లలో, కోర్టుల్లో ఇప్పటికీ 302, 304, 306 అనే మాటలే నడుస్తున్నాయి కాబట్టి పాత నంబర్లు కూడా ఇస్తున్నాం. నేరం జరిగిన తేదీ 2024 జులై 1కి ముందుదైతే పాత చట్టమే వర్తిస్తుంది. ఈ తేడా శిక్ష దగ్గర గట్టిగా తగులుతుంది. దాని సంగతి కింద చూడండి.

మనిషే అడిగి చంపించుకున్నప్పుడు కూడా కేసు అవుతుందా?

అవుతుంది. మన దేశంలో ఒక మనిషి తన ప్రాణం తీసే హక్కును ఇంకొకరికి రాసివ్వలేడు. సమ్మతి ఉంటే నేరం కాదని చెప్పే సెక్షన్లు బీఎన్‌ఎస్‌లో ఉన్న మాట నిజమే. కానీ 25వ సెక్షన్ (పాత 87) చావు గానీ తీవ్రగాయం గానీ కలిగించాలన్న ఉద్దేశం లేని పనులకే. కుస్తీ పోటీలో తగిలిన దెబ్బ లాంటి వాటికి అది. 26వ సెక్షన్ (పాత 88) కూడా ‘చావు కలిగించే ఉద్దేశం లేకుండా’ అనే మాటతోనే మొదలవుతుంది. చంపాలనే చేసిన పనిని ఈ రెండూ కాపాడవు.

మరి ఆ సమ్మతి వల్ల ఒరిగేదేమిటి?

నేరం పోదు, నేరం పేరు మారుతుంది. హత్యను నిర్వచించే 101వ సెక్షన్ (పాత 300) చివర ఐదు మినహాయింపులు ఉన్నాయి. అయిదోది ఇది: పద్ధెనిమిదేళ్లు దాటిన మనిషి తన సమ్మతితోనే చావును గానీ, చావు ప్రమాదాన్ని గానీ స్వీకరిస్తే, ఆ చావుకు కారణమైనవాడు చేసింది హత్య కాదు, ‘హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య’. అప్పుడు 103 (పాత 302) బదులు 105 (పాత 304) వర్తిస్తుంది.

చాలామంది గమనించని సంగతొకటి ఉంది. ఆ మినహాయింపులో ఎక్కడా ‘దయ’, ‘జబ్బు’, ‘బాధ’ అనే మాటలు లేవు. కారుణ్య హత్య అనే పేరుతో మన చట్టంలో ప్రత్యేక సెక్షనే లేదు. చంపినవాడు జాలితో చేశాడా, మరో కారణంతో చేశాడా అని ఐదో మినహాయింపు అడగదు. చనిపోయిన మనిషి వయసు పద్ధెనిమిది దాటిందా, సమ్మతి నిజమైనదా అన్న రెండే చూస్తుంది. జాలి అనేది శిక్ష ఎంత వెయ్యాలని జడ్జి ఆలోచించేటప్పుడు పనికొచ్చే మాట. దీన్ని తిరగేసి చూస్తే, ఎంత జాలితో చేసినా సమ్మతి లేకపోతే అది హత్యే.

1958 నాటి పట్నా హైకోర్టు కేసు లా విద్యార్థులందరూ చదివేదే. పదో తరగతి మూడుసార్లు తప్పిన భర్త చనిపోదామనుకున్నాడు. పంతొమ్మిదేళ్ల భార్య ముందు నన్ను చంపి తర్వాత నువ్వు చావమంది. ఆమెను చంపాడు, తను చనిపోయేలోపే దొరికిపోయాడు. అక్కడ జబ్బూ లేదు, కారుణ్యమూ లేదు. అయినా ఐదో మినహాయింపు వర్తించింది. ఐదేళ్ల శిక్ష పడింది.

శిక్ష ఎంత పడుతుంది?

హత్య అని తేలితే 103 కింద మరణశిక్ష లేదా యావజ్జీవం, జరిమానా.

ఐదో మినహాయింపు కిందికి వస్తే 105. చంపాలన్న ఉద్దేశంతో చేసి ఉంటే యావజ్జీవం, లేదా ఐదేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం లేకుండా, చావు రావచ్చని తెలిసీ చేసి ఉంటే పదేళ్ల దాకా జైలు, జరిమానా.

ఆ ‘ఐదేళ్లకు తగ్గకుండా’ అన్నదే కొత్త చట్టం తెచ్చిన పెద్ద మార్పు. పాత 304 మొదటి భాగంలో కనీస శిక్ష లేదు. పరిస్థితి చూసి మనసు కరిగిన జడ్జి ఏడాదో, రెండేళ్లో వేసి సరిపెట్టడానికి వీలుండేది. ఇప్పుడు ఆ చెయ్యి కట్టేశారు. కారుణ్య కేసుల్లో సమ్మతి ఉంటే దాదాపు ఎప్పుడూ ఉద్దేశం కూడా ఉంటుంది కాబట్టి కనీసం ఐదేళ్లు అనే లెక్క వేసుకోవాలి. యావజ్జీవం పడే వీలున్న నేరం కాబట్టి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద మంచి నడవడి బాండు రాయించుకుని వదిలేసే దారి కూడా లేదు. మా దృష్టిలో ఈ మార్పు చేసినవాళ్లకు మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు గుర్తుకొచ్చినట్టు లేదు.

“నన్ను చంపెయ్యండ్రా నాయనా, ఈ బాధ పడలేను” అని రోజూ అనేవాడు. అది సమ్మతి కాదా?

ఒక్క ఆ మాటతో కాదు. కేసులు ఎక్కువగా విరిగిపోయేది ఇక్కడే.

నొప్పి ఎక్కువైనప్పుడు మన పెద్దవాళ్లు అనే మాటలు అందరికీ తెలిసినవే. దేవుడు తీసుకుపోకుండా ఉన్నాడంటారు, ఏదో ఒక మందిచ్చి పడుకోబెట్టమంటారు. గంట తర్వాత నొప్పి తగ్గితే అదే మనిషి కాఫీ అడుగుతాడు, మనవరాలి పెళ్లి ముహూర్తం ఎప్పుడంటాడు. కోర్టు చూసేది ఆ మాటను కాదు, ఆ పనికి, ఆ సమయానికి ఇచ్చిన తెలివైన, స్థిరమైన అంగీకారాన్ని. ఏం జరగబోతోందో, దాని ఫలితం చావేనని తెలిసి ఒప్పుకున్నాడా? ముందు రోజు ఒప్పుకుని, ఆ పూట వద్దన్నాడా? చివరి క్షణంలో చెయ్యి అడ్డం పెట్టినట్టు పోస్టుమార్టంలో పెనుగులాట గుర్తులు కనిపిస్తే అంతకుముందు రాసిన పది ఉత్తరాలూ పనికిరావు.

28వ సెక్షన్ (పాత 90) ఏ సమ్మతి సమ్మతి కాదో చెబుతుంది. హాని జరుగుతుందన్న భయంతో ఇచ్చినది, వాస్తవాన్ని తప్పుగా అర్థం చేసుకుని ఇచ్చినది, ఆ సంగతి ఎదుటివాడికి తెలిసి ఉంటే, చెల్లదు. మతిస్థిమితం లేక గానీ మత్తులో గానీ తను ఒప్పుకునేదేమిటో తెలియని స్థితిలో ఇచ్చినది చెల్లదు. ఈ చివరిది కాన్సర్ కేసుల్లో ఇబ్బంది పెడుతుంది. బలమైన నొప్పి మందుల మీద ఉన్న మనిషి ఆ సమయంలో తెలివిగా ఉన్నాడా లేదా అన్నది ఆసుపత్రి కేస్‌షీటు చూసి తేలుస్తారు.

‘వాస్తవాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం’ కూడా మన ఊళ్లలో మామూలే. డాక్టరు ఆర్నెల్లు బతుకుతాడని చెబితే, రోగికి వారం అని చెప్పే బంధువులుంటారు. వైద్యానికి డబ్బులైపోయాయి, పొలం తాకట్టులో ఉంది, ఇల్లు పోతుందని చెవిలో పోరు పెడుతుంటారు. అలా పుట్టిన సమ్మతిని కోర్టు అనుమానంగానే చూస్తుంది.

సమ్మతి ఉందని ఎవరు రుజువు చెయ్యాలి?

నిందితుడే. మినహాయింపు కావాలనేవాడే దాన్ని చూపించుకోవాలని భారతీయ సాక్ష్య అధినియం 108వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టం 105) చెబుతుంది. ప్రాసిక్యూషన్‌లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చెయ్యనక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే చాలు. చెప్పాల్సిన మనిషి లేడు కాబట్టి అదీ సులువు కాదు.

పనికొచ్చే ఆధారాలు: చనిపోయిన మనిషి సొంత దస్తూరీతో, తేదీతో రాసిన కాగితం. కుటుంబంతో సంబంధం లేని మనిషికి అదే మాట చెప్పి ఉండటం. డాక్టరు నోట్సులో రోగి చావు కోరుకుంటున్నట్టు నమోదై ఉండటం. ఫోనులో వీడియో ఉంటే దానికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (పాత 65-బి) జత చెయ్యాలి. అది లేక వీడియో బుట్టదాఖలైన సందర్భాలు తక్కువ కాదు. వయసు రుజువు కూడా మరిచిపోవద్దు. టైపు చేసిన కాగితం మీద వేలిముద్ర మాత్రమే ఉంటే దాని విలువ దాదాపు సున్నా, మంచంలో ఉన్న మనిషి బొటనవేలు ఎవరైనా పట్టి వేయించవచ్చు కదా.

మతిమరుపు ముదిరిన అమ్మ విషయంలో? మంచంలోనే ఉన్న పదేళ్ల బాబు విషయంలో?

రెండూ హత్యే. 103. సమ్మతి ఇవ్వగలిగిన మనిషే అక్కడ లేడు. తల్లి తరఫున కొడుకు గానీ, బిడ్డ తరఫున తండ్రి గానీ చావుకు ఒప్పుకోలేరు. గార్డియన్ సమ్మతి గురించి చెప్పే 27వ సెక్షన్ (పాత 89) ఉద్దేశపూర్వకంగా చంపడానికి వర్తించదని అందులోనే రాసి ఉంది. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ‘తలైకూత్తల్’ అని ముసలివాళ్లను సాగనంపే ఆచారం గురించి విన్నవాళ్లు, ఆచారం కదా, కేసు ఉండదేమో అని అడుగుతుంటారు. ఆచారమైనంత మాత్రాన హత్య హత్య కాకుండా పోదు.

తానే తీసుకున్నాడు, మేం అందించాం అంతే. అప్పుడు?

చివరి పని ఎవరి చేతిది అన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. చనిపోయిన మనిషే చేసుకుంటే అది ఆత్మహత్య. సాయపడినవారి మీద 108 (పాత 306), ఆత్మహత్యకు ప్రేరేపణ, పదేళ్ల దాకా జైలు, జరిమానా. ‘ప్రేరేపణ’ అంటే రెచ్చగొట్టడమే అనుకుంటారు. తెలిసి సాయం చెయ్యడం కూడా దాని కిందికే వస్తుందని 45వ సెక్షన్ (పాత 107) చెబుతుంది. చనిపోయినవారు మైనరో, మతిస్థిమితం లేనివారో, మత్తులో ఉన్నవారో అయితే 107 (పాత 305). అందులో మరణశిక్ష, యావజ్జీవం కూడా ఉన్నాయి.

108కి కనీస శిక్ష లేదు, 105 మొదటి భాగానికి ఐదేళ్లు ఉంది. అందుకే ‘ఎవరి చెయ్యి’ అన్న ప్రశ్న మీద కోర్టులో రోజుల తరబడి వాదన నడుస్తుంది. చేతులు కదలని పక్షవాతం మనిషి తానే తీసుకున్నాడని చెబితే ఏ డాక్టరూ సాక్ష్యం ఇవ్వడు.

ఇద్దరం చనిపోదామనుకున్నాం, ఒకరు బతికారు. బతికిన వారిపై కేసు ఉంటుందా?

ఉంటుంది. రెండోవారి ప్రాణం వీరి చేతుల మీదుగా పోయి ఉంటే ఐదో మినహాయింపు వాదన, 105. ఎవరికివారే చేసుకుని ఉంటే 108. తమ మీద తాము చేసుకున్న ప్రయత్నానికి మాత్రం శిక్ష లేదు. పాత 309 బీఎన్‌ఎస్‌లోకి రాలేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించడానికో, అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాయత్నం ఒక్కటే 226 కింద నేరం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది.

ప్రయత్నించాం, కానీ మనిషి బతికాడు.

సమ్మతి రుజువైతే 110 (పాత 308), నరహత్యాయత్నం. మూడేళ్ల దాకా, గాయమైతే ఏడేళ్ల దాకా. రుజువు కాకపోతే 109 (పాత 307), హత్యాయత్నం. బతికిన మనిషి కోర్టుకొచ్చి నేనే అడిగానని చెప్పగలడు కాబట్టి సమ్మతి తేలిగ్గా రుజువయ్యేది ఈ ఒక్క రకం కేసులోనే.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేశాడు. మేం చెయ్యలేదు కదా?

చేయించినవారూ నిందితులే. ఉమ్మడి ఉద్దేశం ఉంటే 3(5) (పాత 34) కింద అందరికీ అదే సెక్షన్. రోగి అడిగితే చేశాడా, కొడుకులు అడిగితే చేశాడా అన్నది ఇక్కడ కీలకం. కొడుకుల మాట మీద చేసి ఉంటే ఐదో మినహాయింపు ఎవరికీ దొరకదు. అర్హత ఉన్న డాక్టరైతే దీనికి తోడు రిజిస్ట్రేషన్‌కు కూడా ముప్పే. 2002 నాటి వైద్య నైతిక నియమావళి 6.7 ప్రకారం యూథనేషియా (కారుణ్య మరణం కలిగించడం) అనైతిక ప్రవర్తన.

నొప్పి తగ్గడానికి డాక్టరు మార్ఫిన్ డోసు పెంచారు. రెండు రోజులకు పోయారు. అది నేరమా?

కాదు. ఉద్దేశం నొప్పి తగ్గించడం. 26వ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: తీవ్రమైన బాధలో ఉన్న రోగికి ఆపరేషన్ చేస్తే చావు రావచ్చని సర్జన్‌కు తెలుసు. అయినా చంపే ఉద్దేశం లేకుండా, మేలు కోరి, రోగి సమ్మతితో చేస్తే అది నేరం కాదు. నొప్పి మందుకూ ఇదే సూత్రం. నొప్పిని బట్టి, మెట్లుమెట్లుగా, కేస్‌షీటులో రాస్తూ పెంచిన డోసుకు భయపడాల్సిన పని లేదు. డాక్టరు రాసినదాన్ని దాటి ఇంట్లోవాళ్లు సొంతంగా ఎక్కువ ఇస్తేనే చిక్కు.

మార్ఫిన్ దొరకదు, పోలీసు గొడవ అని కొన్ని నర్సింగ్ హోముల్లో చెబుతారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్ ఉంచుకుని ఇచ్చే పద్ధతిని సులభం చేశారు. ఈ ఆసుపత్రికి ఆ గుర్తింపు ఉందా అని అడగండి. లేకపోతే ఉన్నచోటికి రాసిమ్మనండి.

కనిగిరి వైపు కిడ్నీ రోగులు డయాలసిస్ ఇక చాలంటున్నారు. మానేస్తే మా మీద కేసా?

తెలివితో ఉన్న వయోజనుడు వైద్యం వద్దనుకోవచ్చు. అది ఆత్మహత్య కాదు, ఒప్పుకున్నవారిది ప్రేరేపణ కాదు. 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కు ఆర్టికల్ 21 (జీవించే హక్కు)లో భాగమని చెప్పింది. ప్రాణాలు తీసే పని ఒకటి, జబ్బు తన దారిన పోతుంటే అడ్డం తొలగడం ఒకటి. మొదటిది నేరంగానే మిగిలింది.

చెయ్యాల్సింది: రోగి స్వయంగా డయాలసిస్ యూనిట్‌లో డాక్టరుకు చెప్పాలి. ఏమవుతుందో డాక్టరు వివరించినట్టు, రోగి తెలివిగా ఉన్నట్టు నోట్ రాయించుకోవాలి. రోగి సంతకం చేయించాలి. యూరియా పెరిగి మగత కమ్ముకోకముందే ఈ పని జరగాలి, తర్వాత ఆ సంతకం ఎందుకూ పనికిరాదు. ‘వద్దు’ అన్నది కొడుకు నోట మాత్రమే నమోదైతే, తర్వాత ఆస్తి తగాదాలో అన్నదమ్ములే దాన్ని పట్టుకుంటారు.

వెంటిలేటర్ మీదున్న నాన్నను అంబులెన్సులో ఇంటికి తెచ్చేస్తే?

ఆసుపత్రుల్లో ‘లామా’ కాగితం అంటారు, డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం. ఇలా తెచ్చుకున్న కుటుంబాల మీద కేసులు పెట్టడం మామూలుగా జరగదు. కానీ స్పృహ లేని మనిషి తరఫున ప్రాణాధారాన్ని తీసెయ్యడానికి చట్టం ఒప్పుకునే దారి వేరే ఉంది. 2018 తీర్పు పెట్టిన కఠినమైన షరతులను 2023 జనవరి 24న సుప్రీంకోర్టు సడలించింది. ఇప్పటి పద్ధతి ఇది.

జబ్బు నయం కాదని, కోలుకునే ఆశ లేదని చూస్తున్న డాక్టరు తేల్చాలి. ఆసుపత్రి ప్రాథమిక బోర్డు వేస్తుంది: చూస్తున్న డాక్టరు, ఆ విభాగంలో కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు. కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తర్వాత రెండో బోర్డు: జిల్లా చీఫ్ మెడికల్ ఆఫీసర్ (మన జిల్లాల్లో ఆ స్థాయి అధికారి డీఎంహెచ్‌వో) పంపే ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని మరో ఇద్దరు నిపుణులు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలి. రెండూ ఒప్పుకుంటే, అమలు చేసే ముందు ఆసుపత్రి జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు తెలియజెయ్యాలి. తెలియజెయ్యడమే, అనుమతి కాదు. బోర్డు ఒప్పుకోకపోతే అమరావతిలోని హైకోర్టుకు రిట్ వెయ్యవచ్చు.

ఆచరణలో ఆగిపోయేది రెండు చోట్ల. చిన్న ఆసుపత్రిలో ఇద్దరు నిపుణులే ఉండరు, అప్పుడు నెల్లూరు లేదా ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లాంటి చోటికి మార్పించుకోవడం మేలు. రెండోది, యాజమాన్యానికి ఈ తీర్పే తెలియదు. నోటిమాటతో వాదించకుండా తీర్పు కాపీ జత చేసి సూపరింటెండెంట్‌కు రాతపూర్వక అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ముందుగానే రాసి పెట్టుకోవచ్చా?

రాసుకోవచ్చు. దీన్ని ‘లివింగ్ విల్’ అంటున్నారు. పద్ధెనిమిది దాటి, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. ఏ పరిస్థితిలో ఏ వైద్యం వద్దో స్పష్టంగా ఉండాలి. ‘నన్ను బాధపెట్టవద్దు’ అని రాస్తే చాలదు, ‘కోలుకునే ఆశ లేదని బోర్డులు తేల్చితే వెంటిలేటర్ పెట్టవద్దు, డయాలసిస్ చెయ్యవద్దు’ అన్నట్టు ఉండాలి. తన తరఫున మాట్లాడే గార్డియన్‌ను గానీ దగ్గరి బంధువును గానీ పేరుతో రాయాలి, ఒకరికంటే ఎక్కువమందిని రాయవచ్చు. ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట సంతకం, ఆపైన నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ. 2018లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, 2023లో దాన్ని తీసేశారు. జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు కూడా గెజిటెడ్ అధికారే. ఒక కాపీ పంచాయతీ లేదా మున్సిపాలిటీలో నియమిత అధికారికి, ఒకటి కుటుంబ డాక్టరుకు, ఒకటి అందులో పేరు రాసిన బంధువులకు. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

ఇందులో ‘ఇంజెక్షన్ ఇచ్చి చంపండి’ అని రాస్తే ఆ వాక్యానికి విలువ లేదు. రాసినదాన్ని నమ్మి ఎవరైనా చేస్తే 105 మామూలే.

సోమవారం కలెక్టరేట్‌లో కారుణ్య మరణానికి అర్జీ పెడితే?

కలెక్టరుకు ఆ అధికారం లేదు. రాష్ట్రపతికీ లేదు. ఇలాంటి అర్జీలు పేపర్లో వస్తాయి, దానివల్ల ఒక్కోసారి పింఛనో, వైద్య సాయమో దొరకవచ్చు. అనుమతి మాత్రం రాదు. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో ఉన్న యువకుడు అవయవాలు దానం చేసేలా ముందే చనిపోనివ్వమని కోరితే ఉమ్మడి హైకోర్టు ఒప్పుకోలేదు. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011 మార్చి 7న సుప్రీంకోర్టు కూడా ఆమె విషయంలో అనుమతించలేదు. అయితే వైద్యం ఉపసంహరణకు దారి మొదట తెరుచుకున్నది ఆ తీర్పుతోనే.

కేసు ఎలా నడుస్తుంది?

ముందు అనుమానాస్పద మృతిగా భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 194 (పాత సీఆర్‌పీసీ 174) కింద నమోదవుతుంది. పంచనామా, పోస్టుమార్టం, అవసరమైతే విస్రా (లోపలి అవయవాల నమూనాలు) ఫోరెన్సిక్ ల్యాబ్‌కు. రిపోర్టు వచ్చాక సెక్షన్ మారుస్తారు. పోలీసులు మామూలుగా 103 పెట్టే మొదలుపెడతారు, సమ్మతి సంగతి కోర్టులో చూసుకోమంటారు. 103 గానీ 105 గానీ బెయిలబుల్ కావు, విచారణ సెషన్స్ కోర్టులోనే. 90 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది.

కుటుంబాలు చేసే పెద్ద తప్పు, తెల్లారేలోపు దహనం చేసెయ్యడం. అసలు నేరానికి తోడు 238 (పాత 201), సాక్ష్యాల మాయం, అందరి మీదా పడుతుంది. హత్య లాంటి నేరాన్ని దాచడానికైతే ఏడేళ్ల దాకా. పూడ్చి ఉంటే తహసీల్దారు సమక్షంలో వెలికితీస్తారు. పైగా హడావిడిగా తగలబెట్టినవాడు సమ్మతి ఉందని తర్వాత చెబితే ఎవరు నమ్ముతారు?

వీఆర్వో దగ్గరికెళ్లి జరిగింది చెప్పేస్తే మంచిదంటున్నారు.

లాయరుతో మాట్లాడకముందు వద్దు. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు, దాన్ని బట్టి వస్తువేదైనా దొరికితే ఆ మేరకే చెల్లుతుంది (సాక్ష్య అధినియం 23). వీఆర్వో పోలీసు కాదు, ఆయనకు చెప్పింది సాక్ష్యంలోకి వస్తుంది. బలహీనమైన సాక్ష్యమే కానీ వస్తుంది. అందులో ‘చంపాను’ అన్నది రాసుకుని ‘ఆయనే అడిగాడు’ అన్నది రాయకపోతే మీ ప్రధాన వాదనకే దెబ్బ. ఒప్పుకోవాలనుకుంటే మేజిస్ట్రేట్ ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 183 (పాత సీఆర్‌పీసీ 164) కింద, ఆలోచించుకునే సమయం తీసుకుని, పూర్తి సంగతి చెప్పాలి.

పెద్దమనుషుల్లో రాజీ చేసుకుంటే?

కుదరదు. ఇది రాజీపడే నేరం కాదు. హత్య లాంటి కేసుల్ని కుటుంబాలు కలిసిపోయినంత మాత్రాన కొట్టెయ్యరాదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. పైగా తెలిసీ చెప్పకపోవడం రాజీ చేసిన పెద్దమనుషులకే చుట్టుకుంటుంది. 103 నుంచి 105 దాకా నేరాలు జరిగినట్టు తెలిసినవారు పోలీసులకో, మేజిస్ట్రేట్‌కో చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 33 అంటుంది.

ఆస్తి వస్తుందా?

హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్: హత్య చేసినవాడు, ప్రేరేపించినవాడు హతుని ఆస్తికి వారసుడు కాడు. అతను ముందే చనిపోయినట్టు లెక్కవేసి మిగతావాళ్లకు పంచుతారు. 105 కింద మాత్రమే శిక్ష పడినవాడికి ఆ ‘హత్య’ అనే మాట తగులుతుందా అన్నది సివిల్ కోర్టులో గట్టిగా వాదించాల్సిన అంశం. అన్నదమ్ములు ఫిర్యాదు చేసే కేసుల వెనక చాలాసార్లు ఈ సెక్షనే ఉంటుంది.

సాయంతో చనిపోవడానికి చట్టం ఒప్పుకునే స్విట్జర్లాండ్ తీసుకెళ్తే?

భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికీ బీఎన్‌ఎస్ వర్తిస్తుంది. ఇక్కడ విచారించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి (బీఎన్‌ఎస్‌ఎస్ 208). తోడు వెళ్లే బంధువులు ముందే క్రిమినల్ లాయరును కలవాలి.

తిండి, మందు ఇవ్వడం మానేస్తే చంపినట్టు కాదుగా?

చట్టంలో ‘చేసిన పని’ అంటే చెయ్యాల్సింది చెయ్యకపోవడం కూడా. తల్లిదండ్రుల్ని చూడాల్సిన బాధ్యత ఉన్నవాడు, వాళ్లు చావాలనే ఉద్దేశంతో ఇన్సులిన్ ఆపేస్తే అది నరహత్యే, సమ్మతి లేకపోతే హత్యే. వదిలేసి వెళ్లిపోతే 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 24వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ. చివరి రోజుల్లో పెద్దావిడ తానే ముద్ద వద్దంటే బలవంతంగా కుక్కనక్కర్లేదు. పెదవులు తడుపుతూ, అడిగినప్పుడు ఇస్తూ, ఆ సంగతి చూస్తున్న డాక్టరుకు చెప్పి ఉంచండి.

ఇంట్లో మనిషి ఇప్పుడు అడుగుతున్నాడు. ఏం చెయ్యాలి?

ఎందుకు అడుగుతున్నాడో ముందు విడదీయండి. నొప్పా, ఆయాసమా, పుండ్లా, నిద్రలేమా, కొడుకులకు భారమయ్యానన్న దిగులా? మొదటి నాలుగింటికి మందుంది. జిల్లా ఆసుపత్రిలో ఉపశమన వైద్యం గురించి, మార్ఫిన్ గురించి పేరుపెట్టి అడగండి. దిగులైతే, రోగికైనా చూసుకునేవారికైనా, టెలీ మానస్ 14416కు తెలుగులోనే రోజంతా మాట్లాడవచ్చు. చూసుకునే మనిషి ఒక్కరే అయితే, వారానికి రెండు పూటలైనా వేరేవాళ్లు మంచం పక్కన కూర్చునే ఏర్పాటు చెయ్యండి.

కేసు పడ్డాక లాయరుకు డబ్బు లేకపోతే నెల్లూరు, ఒంగోలు కోర్టుల ఆవరణల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు ఆసుపత్రి కేస్‌షీట్లు, డిశ్చార్జి కాగితాలు, చనిపోయిన మనిషి ఆధార్ నకలు, ఆయన చేత్తో రాసింది ఏదుంటే అది తీసుకెళ్లండి. రాతకాగితాల ఒరిజినల్స్ మాత్రం లాయరు చెప్పేదాకా ఎవరి చేతికీ ఇవ్వవద్దు.